చుట్టుకు ఐదువందలు

భూపాలపల్లిలో మా బొగ్గు బాయికి ఒక కట్టుబాటుంది. మమ్మల్ని బాయిలోకి దింపే మనుషుల బండిని బాగుచేసినవాడే మొదటి దిగుడులో కూర్చోవాలి. ఆ ఉదయం కూర్చున్నది నేను. వెంట బండి గార్డు కట్టయ్య, స్వయానా మా అక్క మొగుడు. మేం క్షేమంగా చేరితే ఎక్కుదామని పైన అరవై మంది నిలబడ్డారు.

బండిని దింపే తాడు డ్రమ్ము తిరుగుతుంటే, చుట్లు కొలవడానికి దానికున్న ఎన్‌కోడర్ పల్స్‌లు, అంటే కరెంటు సంకేతాలు, పంపుతుంది. కంట్రోలర్‌లోని మాడ్యూల్ వాటిని లెక్కపెట్టి, బండి ఐదువందల యాభై మీటర్లు దిగగానే వేగం తగ్గిస్తుంది. ఆరువందలకు పట్టాలు అయిపోతాయి. ఆ తర్వాత గోడే. పాత ఎన్‌కోడర్ కాలిపోతే కొత్తది నేనే బిగించి వైర్లు కలిపాను.

"బావా, వైరుతో నాకు వైరం లేదు. ఎర్తు లేకుంటేనే అనర్థం!"

"జర నోరు మూస్తవా?" అన్నాడు కట్టయ్య.

చెమట తుడుచుకుందామని రుమాలు తీస్తే, కొత్త ఎన్‌కోడర్ పెట్టె మీది చీటీ కూడా వచ్చింది. టోపీ దీపం వెలుగులో చదివాను. చుట్టుకు ఐదువందల పల్స్‌లు. పాతది వెయ్యి ఇచ్చేది. మాడ్యూల్‌లో ఆ వెయ్యిని నేను మార్చనేలేదు! అంటే మేం ఎంత దిగినా కంట్రోలర్‌కు అందులో సగమే తెలుస్తుంది. వేగం తగ్గదు.

పక్క గోడ మీద 400 మీటర్ల బోర్డు వెనక్కి పోయింది.

"బావా, గంట తీగ గుంజు! బండి ఆగది!"

"మల్ల షురూ చేసినవా? పోయినేడు పాము పాము అని నువ్వొర్రితే గంట గొట్టిన. పాము లేదు గీము లేదు, మెమో మాత్రం నాకచ్చింది."

తీగకు చెయ్యి చాచాను. మణికట్టు పట్టేశాడు.

"పైన మొండన్నను అడుగు బావా. తెర మీద ఎంతున్నదో అడుగు. అక్క మీద ఒట్టు."

నా ముఖం మీదికి దీపం తిప్పి చూసి, వాకీటాకీ నొక్కాడు. "మొండన్నా, ఎంతున్నది?"

పైనుంచి బండి నడిపే మొండయ్య గొంతు వచ్చింది. "రెండువందల నలభై. పరేషాన్ గాకుర్రి."

పక్కనే 480 బోర్డు దాటింది.

కట్టయ్య తీగ గుంజాడు. గంట విని పైన మొండయ్య బ్రేకు వేశాడు, బండి కీచుమంది. ఇద్దరం ముందు సీటుకు గుద్దుకున్నాం. 560 బోర్డు దగ్గర బండి ఆగింది. ఎదురుగా గోడ, దాని మీద నీటి చారలు కూడా కనబడుతున్నాయి.

"ఏమైందే? ఈడ జనం ఎక్కుతమంటుండ్రు," అన్నాడు మొండయ్య.

కట్టయ్య వాకీటాకీ నా ఒళ్లో పడేశాడు. "నువ్వే చెప్పు."

"ఎవ్వరిని ఎక్కియ్యకు మొండన్నా. పల్స్‌ల అంకె మార్చలే. తప్పు నాదే."

"ఏందిర, పరాష్కమా, నవ్వులాటనా?"

మా బావ వాకీటాకీ లాక్కున్నాడు.

"కాదే మొండన్నా. గీసారి నిజమే చెప్తుండు."