మగ్గం గుంటలో ఊట

స్కానింగు గది ముందు వరండాలో నడుస్తూనే ఉన్నాను, ఎంత నడిచినా ఆ గది తలుపు రావడం లేదు, కాళ్ల కింద నున్నటి రాళ్లు పోయి పేడతో అలికిన నేల తగులుతోంది, చూస్తే ఇది చీరాలలో మా నాన్న మగ్గం గది, నాన్న కాళ్లు దించుకుని నేసే మగ్గం గుంటలో, ముసురు పడితే ఊట దిగి నిండిపోయేది, ఇప్పుడూ నీళ్లున్నాయి, ఆ నీళ్లలో కాళ్లు వేలాడేసుకుని మా అన్న భావయ్య కూర్చుని ఉన్నాడు. పోయేనాటికి అన్నకు ఏడేళ్లు. ఇప్పుడూ ఏడేళ్లే. పెద్ద తల బరువుకు మెడ ఒక పక్కకు వాలిపోయి ఉంది.

"లావైపోయావు చెల్లాయ్," అంటున్నాడు.

నా భుజం మీద నా కూతురు లోహిత నిద్రపోతోంది. ఎప్పుడు ఎత్తుకున్నానో తెలియదు. పోయినవాళ్లు ఏదడిగినా చేతికివ్వకూడదని అమ్మ చెప్పేది, అది గుర్తొచ్చి పాపను కొంగుతో కప్పేసుకుంటున్నాను.

"దానిదీ నా తలేనంటగా."

"నీ అంత కానియ్యలేదులే, ముందే కనిపెట్టారు. అందరి తల్లోనూ నీళ్లుంటాయంట అన్నయ్యా, ఊరతా ఉంటాయి, ఇంకతా ఉంటాయి. దీనికి ఆ ఇంకిపోయే దారి మూసుకుపోయింది. అందుకని గొట్టం వేశారు. చెవి వెనకనించి చర్మం కిందగా పొట్టలోకి పోద్ది."

"పొట్టలోకా? అయితే ఉచ్చలు ఎక్కువ పోస్తదా?"

నవ్వొస్తోంది. నవ్వితే పాప కదులుతుందని ఆపుకుంటున్నాను.

"నాకూ వేయించాల్సింది," అంటున్నాడు అన్న, ఏదో బొమ్మ అడిగినట్టు.

"అప్పుడు మనోళ్లకేం తెలుసు. దిష్టన్నారు, తాయెత్తు కట్టారు."

గుంటలో నీళ్లు అన్న మోకాళ్లు దాటుతున్నాయి. నాన్న చెంబుతో తోడి పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది గాని నాన్న కనిపించడం లేదు, చెంబూ కనిపించడం లేదు.

"ఈ వేళప్పుడు ఎందుకు పడుకుంది అది?"

"పొద్దుటినించీ కక్కుకుంటానే ఉంది. తలనొప్పని ఏడ్చి ఏడ్చి కళ్లు మూసింది. గొట్టం పూడుకుంటే ఇట్టాగే ఉంటదని, ఆగకుండా తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది. అత్తయ్యేమో ఎండదెబ్బంటంది. నేను ఊరికూరికే పరిగెత్తటం, ఏం లేదు పొమ్మని ఆస్పత్రోళ్లు పంపించటం. నీకు అనుమానం జబ్బని ఇంట్లో అందరూ ఎగతాళి అన్నయ్యా."

అన్న నీళ్లలోకి చూస్తున్నాడు.

"నేనూ తలనొప్పని ఏడ్చే పడుకున్నా. అమ్మ గుమ్మంలో కూర్చుని వచ్చినోళ్లందరికీ చెప్పింది, బిడ్డ ఇప్పటికి కళ్లు మూశాడు, అలికిడి చెయ్యబాకండని. నాన్న మగ్గం ఆపేశాడు. ఎంత నిశ్శబ్దంగా ఉందో చెల్లాయ్. ఎవరన్నా ఒక్కళ్లు పిలుస్తారేమోనని చూశా."

"నేను అప్పటికి పాలు తాగే పిల్లని."

"నిన్ను అనటంలా." అన్న రెండు చేతులూ చాపుతున్నాడు. "ఇటివ్వు, కాసేపు ఎత్తుకుంటా."

"ఇవ్వను."

"బరువుగా లేదా?"

బరువుగానే ఉంది, అంతకంతకూ బరువవుతోంది, పాప తల నా భుజాన్ని కిందికి లాగుతోంది, నీళ్లు గట్టు దాటి నా పాదాల మీదికి వస్తున్నాయి, అయినా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను.

"ఇవ్వవుగా," అంటున్నాడు అన్న, కోపం లేకుండా. "అయితే లేపు."

లోహితా అని పిలుస్తున్నాను. నోరు తెరుచుకుంటోంది గాని గొంతు రావడం లేదు.

మెలకువ వచ్చేసరికి చాప మీద ఉన్నాను. మిట్టమధ్యాహ్నం. పక్కనే పాప, నోరు కొంచెం తెరుచుకుని, ఒత్తిగిలకుండా నిద్రపోతోంది. ఎదురింటి నుంచి కుట్టుమిషను చప్పుడు వస్తోంది. వాకిట్లో అత్తయ్య గొంతు తగ్గించి అంటోంది, "కాసేపు ఆ మిషను ఆపవే సుబ్బాయమ్మా, పిల్ల ఇప్పుడే కునుకు తీసింది."

మిషను ఆగింది.

"ఆపబాకండి, ఆటో పిలవండి," అని లోపలి నుంచే కేకేసి, పాప భుజాలు పట్టుకుని కుదిపాను.