ఆ సాయంత్రం మోగిన కంచం

నేను ఒక స్టీలు కంచాన్ని. పుట్టింది మిషను కిందే అయినా, పేరు పెట్టింది మాత్రం కాకినాడలో సామాన్ల కొట్టు ముందు కూర్చుని పేర్లు చెక్కే తాత. “లోతుగా చెక్కు తాతా, తోమితే పోకూడదు” అంది హైమ తల్లి. కూతురి పేరు నా అంచున ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

మనుషులది చిత్రమైన లెక్క. కంచం మీద పేరు ఆడదానిది, అందులో మొదటి ముద్ద మగవాడిది. హైమ మొగుడు గంగాధర్ ఉప్పు తక్కువైతే నన్ను గోడకేసి కొట్టేవాడు, ఎక్కువైతే హైమను కొట్టేవాడు. అతను ఆఫీసుకు పోయాక పగలంతా మేమిద్దరం ఊపిరి పీల్చుకునేవాళ్లం.

కరోనా వచ్చి ఆ పగటిపూటను కూడా లాక్కుంది. ఇంట్లోనే ఉంటే క్షేమమని టీవీ ఒకటే పోరు. చిట్లిన పెదవిని దాచడానికి హైమకు మాస్కు బాగా పనికొచ్చింది.

ఒక సాయంత్రం డాక్టర్లకూ నర్సులకూ దణ్ణంగా అందరూ కంచాలు మోగించారు. హైమ నన్ను గరిటెతో వాయించింది. “ఇంకా గట్టిగా కొట్టవే!” అంది ఎదురు బాల్కనీలోంచి సత్యవతి పిన్ని. హైమ నవ్వింది. కాపురానికొచ్చాక ఆమె అంత చప్పుడు చేయడం అదే మొదలు.

కొన్నాళ్లకు గంగాధర్ ఉద్యోగం పోయిందని ఫోనొచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఆ ఇంట్లో దుత్త హైమే. అతను గొంతు నులిమితే ఎలాగో విడిపించుకుని, నన్నూ గరిటెనూ పట్టుకుని బాల్కనీలోకి పరుగెత్తింది. గొంతు పెగల్లేదు. అందుకని నన్ను కొట్టింది. నేనూ ప్రాణం పెట్టి మోగాను.

ఆరేసిన దుప్పట్ల చాటున ఆమె ముఖం ఎవరికీ కనపడలేదు. సత్యవతి పిన్ని మాత్రం బయటికొచ్చింది. “ఇవాళ కూడా కొట్టమన్నారా ఏంటి? టీవీ పెట్టనేలేదు!” అంటూ లోపలికెళ్లి తన కంచం తెచ్చుకుంది. ఆమెను చూసి పక్కవాళ్లు, వాళ్లను చూసి పైవాళ్లు, అందరూ భక్తిగా వాయించారు. ఆ మోతలో గంగాధర్ ఆమెను లోపలికి లాగాడు. నన్ను లాక్కుని ఆమె ఎడమ చెవి మీద కొట్టాడు. అన్నం పెట్టడానికి పుట్టినదాన్ని, నాతోనే కొట్టాడు.

బాత్రూములో జారిపడిందని ఆస్పత్రిలో అతనే చెప్పాడు. రోగభయంతో అతన్ని వార్డులోకి రానివ్వలేదు. కరోనా హైమకు చేసిన మేలు అదొక్కటే. తోడుగా ఒక ఆడమనిషిని రానిస్తామంటే, సంచిలో బట్టలూ నన్నూ పెట్టుకుని సత్యవతి పిన్ని వచ్చింది. నా సొట్టా, హైమ మెడ మీది వేళ్ల గుర్తులూ చూసింది.

“నిజం చెప్పమ్మా, ఎవరు కొట్టారు?” అంది నర్సు. హైమ పైకప్పు కేసి చూపు తిప్పుకుంది. పుట్టింటికి వెళదామంటే దారులన్నీ మూసేశారు. చెప్పినా మళ్లీ ఆ ఇంటికే పోవాలి.

సత్యవతి పిన్ని మంచానికి ఎడమ పక్కన కూలబడి ఏడ్చింది. “నువ్వు పిలుస్తుంటే మేం వాయించామా తల్లీ! ఇంక ఆ గడప తొక్కనివ్వను. మా ఇంటికొచ్చెయ్.”

హైమ పైకప్పు కేసే చూస్తోంది. కాసేపటికి తల తిప్పి, పిన్ని ఏడుపు చూసి ఉలిక్కిపడింది.

“ఆ చెవి వినపడట్లేదు పిన్నీ. ఇటొచ్చి చెప్పండి.”

పిన్ని చుట్టూ తిరిగి కుడి పక్కకొచ్చింది. అంతా మళ్లీ చెప్పలేకపోయింది. “మా ఇంటికి పోదాం” అని మాత్రం అంది. అప్పుడు హైమ నర్సుతో, “జారిపడలేదండీ” అంది.

ఇప్పుడు పిన్ని ఇంట్లో హైమ నాలోనే తింటుంది. మొదటి ముద్ద ఆమెదే. చారు పోసుకుంటే నా సొట్టలోకి జారుతుంది. అప్పుడప్పుడు నేను గట్టు మీంచి జారిపడి మోగుతాను. ఇంట్లో అందరూ నా వైపు చూస్తారు. హైమ మాత్రం చప్పుడెటు నుంచి వచ్చిందో తెలియక రెండో వైపు చూస్తుంది.