సగం పట్నం ఖాళీ

మా బావకి కథలు చెప్పే గొంతు ఉంది. పెళ్లిలో అయినా ఆస్పత్రి వరండాలో అయినా, నలుగురు కూర్చున్న చోట ఆ గొంతు వినబడాల్సిందే. ఆయనకి ట్రావెల్స్ ఆఫీసు ఉంది కాబట్టి అక్కడ ఆ గొంతు అన్నం పెడుతుంది. ఆ గొంతుతో చరిత్ర మాత్రం రాయకూడదు.

ఎవరైనా చేయి వేసి రాయగల ఇంటర్నెట్ విజ్ఞానకోశంలో, ఫినీషియన్ల వలసల పేజీ మా ఇద్దరిదీ. దాదాపు మూడు వేల ఏళ్ల కిందట టైర్ లాంటి రేవు పట్నాల నుంచి ఓడలేసుకుని పడమటి తీరాలకు పోయిన వ్యాపారుల కథ అది. నేను మందుల షాపులో పనిచేస్తాను. అక్కడ ఒక సున్నా ఎక్కువ చదివితే మనిషి ప్రాణం పోతుంది. ఆ భయమే నాకు రాతలోకీ వచ్చింది. ఏ వాక్యం రాసినా పక్కన పుస్తకం పేరూ పుట సంఖ్యా వేస్తే గాని నిద్రపట్టదు.

ఆ పేజీలో పుస్తకం లేకుండా నేను సొంతంగా రాసుకున్న పోలిక ఒకే ఒక్కటి: "కొత్త ఊళ్లో కొట్టు తెరిచాడంటే పాత ఊళ్లో కొట్టుకి తాళం వేశాడని కాదు." మా నాన్నకి రెండు ఊళ్లలో బట్టల కొట్లుండేవి. వలస అనగానే ఊరు ఖాళీ అయిపోయిందనుకునేవాళ్ల కోసం ఆ మాట రాశాను.

సరిగ్గా దాని కిందే బావ తన వాక్యం దింపాడు: "ఘోరమైన కరవు తాళలేక ఒక్క ఏడాదిలో టైర్ పట్నంలో సగం జనం ఓడలెక్కేశారు."

"ఎక్కడిది బావా ఇది?" అని ఫోన్ చేశాను.

"ఎక్కడో ఉంటుందిలే మరదలా. చదివేవాడి కళ్లు చెమర్చొద్దూ?"

తీసేశాను. మళ్లీ పెట్టాడు. నేను కోడిగుడ్డుకి ఈకలు పీకే రకాన్నని అక్కతో అన్నాడట. నాకు ఒళ్లు మండింది. విసుగొచ్చి చాలాకాలం ఆ పేజీ జోలికి పోలేదు.

ఈలోగా బడిపిల్లలకి పాఠాలు తయారుచేసే సంఘం నుంచి కబురొచ్చింది. మా పేజీనే పాఠంగా వేస్తారట, కింద మా ఇద్దరి పేర్లూ ఉంటాయట. బావ సంబరపడిపోయాడు. నాకు మాత్రం ఆ వాక్యం గుర్తొచ్చింది. పిల్లలు ఆ కరవుని బట్టీ పట్టి పరీక్షలో రాస్తారు. వెంటనే ఆ వాక్యం తీసేశాను.

ఈసారి బావ ఆధారంతో సహా పెట్టాడు. ఎవరో ప్రొఫెసరు కొత్తగా వేసిన పుస్తకం, పుట సంఖ్యతో సహా. ఒక్క క్షణం నేనే తప్పేమో అనుకున్నాను. లైబ్రరీకి పోయి పుస్తకం తీసి చూశాను. కరవు ఉంది. దాని పైన మా నాన్న కొట్లని చూసి నేను రాసుకున్న వాక్యం కూడా ఉంది, అక్షరం పొల్లుపోకుండా! పై వాక్యం పట్నం ఖాళీ కాలేదంటుంది, కింది వాక్యం సగం ఖాళీ అంటుంది. ఆ పెద్దమనిషి మా పేజీ ఎత్తి తన పుస్తకంలో పోసుకున్నాడు, కనీసం చదవకుండా.

ఆ విజ్ఞానకోశంలో పేజీల తగవులు తీర్చే ఒకాయన ఉన్నాడు. ఆయన్ని మేమంతా కత్తెర అంటాం. ఆ పుస్తకమే మాది చూసి రాసిందనీ, కొట్ల మాటే సాక్ష్యమనీ ఆయనకి రాశాను. మధ్యలో మా పేజీని ఇంకో పాత పేజీతో కలిపినప్పుడు ఎవరు ఎప్పుడు ఏం రాశారన్న వివరం పోయింది కాబట్టి నా దగ్గర ఇంకో రుజువు లేదు. సాయంత్రానికి తీర్పొచ్చింది: "కొట్ల వాక్యం పుస్తకంలో ఉన్నా మీరు ఆధారం చూపలేదు. అది కాపీ, తీసేశాను. కరవు వాక్యానికి ఆధారం ఉంది, ఉంచాను."

నా మాట దొంగసొత్తు, బావ అబద్ధం చరిత్ర! చెప్పులేసుకుని తిన్నగా అక్క వాళ్లింటికి పోయాను. బావ భోజనం ముందు కూర్చున్నాడు.

"లే బావా. ఆ వాక్యం నువ్వే అల్లావని రాయి."

"ఇప్పుడా? పరువు పోదూ?"

"పిల్లల పుస్తకంలో పడ్డాక పోయేది ఎవరి పరువనుకున్నావు? నా పేరు కూడా ఉంటుంది దాని కింద!"

బావ అక్క వైపు చూశాడు. అక్క నవ్వలేదు. "రాయండి. కంచం ఎక్కడికీ పోదు," అంది.

చెయ్యి కడుక్కుని వచ్చి రాశాడు, పాపం, నిజంగానే రాశాడు: "కరవు వాక్యం నా కల్పన. ఆధారమేమీ లేదు. పుస్తకం మా పేజీ నుంచే తీసుకుంది. దయచేసి తొలగించండి."

భోజనం అయ్యేసరికి కత్తెర జవాబిచ్చాడు. "సొంత మాట ఇక్కడ ఆధారంగా చెల్లదు. అచ్చయిన పుస్తకం ఉంది. వాక్యం ఉంటుంది."

బావ ముఖం ఎర్రబడింది. ఆయనకి కోపం రావడం నేను చూడటం అదే మొదటిసారి. "అబద్ధం రాసింది నేనేనని నేనే చెబుతుంటే నమ్మరా?"

"నమ్మరు బావా. నువ్వు అచ్చు కాలేదుగా."

పాఠాల సంఘానికి ఉత్తరం రాశాను, ఫోన్లు చేశాను. పేజీలో ఉన్నది ఉన్నట్టు వేయడమే తమ పని అన్నారు. నా పేరైనా తీసేయమన్నాను. ఒకసారి రాసినవాళ్ల పేరు తీయడం కుదరదన్నారు.

పాఠం అచ్చయింది. కొట్ల వాక్యం లేదు, కరవు ఉంది. నిన్న పేజీ తెరిచి చూశాను. ఆ వాక్యం పక్కన ఇప్పుడు రెండు ఆధారాలున్నాయి. మొదటిది ప్రొఫెసరు గారి పుస్తకం. రెండోది ఆ పాఠం, రచయితలుగా బావ పేరూ నా పేరూ.