దుర్గాబాయి జపాన్ మర్యాదలు

మేడ్చల్ పారిశ్రామికవాడలో యంత్రాల ఇరుసులకు తొడిగే పొట్టి ఉక్కు గొట్టాలు, అంటే బుష్‌లు, తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఒకటుంది. దుర్గాబాయి పందొమ్మిదేళ్ళుగా అక్కడి తనిఖీ బల్ల దగ్గర పనిచేస్తోంది. బుష్ రంధ్రంలో చిటికెన వేలు పెట్టి ఒక్కసారి తిప్పిందంటే చాలు, అంచున వెంట్రుకవాసి ఇనుము మిగిలినా పట్టేస్తుంది. కొలిచే పరికరాలు లేక కాదు. అవి చెప్పేలోపే ఆమె డబ్బాను పక్కకు నెట్టి "తీస్కపోండ్రి, మళ్ళ గీకుండ్రి" అని కేకేస్తుంది. ఆ కేక లేత్ మిషన్ల మోతను దాటి గేటు దాకా వినబడుతుంది.

ఆ బుష్‌లు కొనే జపాన్ కంపెనీ, తమ తనిఖీ విభాగం చూసి వెళ్ళడానికి ఒక మనిషిని పది రోజులు పంపమని రాసింది. ఇంజనీర్లు ముగ్గురు ఆశపడ్డారు. యజమాని రాఘవేందర్ దుర్గాబాయి పేరు రాసి పంపాడు.

"నేనా సార్? ఎయిర్‌పోర్టు గూడ నేను బయటికెల్లే చూసిన," అందామె.

"నీ యేలు చూపియ్యనీకె పంపుతున్న దుర్గమ్మా. కాని ఆడ గిట్ల ఒర్లితే నడ్వది. జర ఆళ్ళ పద్ధతులు నేర్చుకో."

నేర్పే మనిషిని కూడా ఆయనే చూశాడు. ఆయనకు తెలిసిన శ్రీనివాసరావు ఉద్యోగరీత్యా భార్యతో ఆరేళ్ళు నగోయాలో ఉండి వచ్చాడు. భీమవరం వైపు వాళ్ళు, ఇప్పుడు పేట్ బషీరాబాద్‌లో అపార్ట్‌మెంట్ కొనుక్కుని ఉంటున్నారు. ఆయన భార్య కామేశ్వరి పాఠాలు చెప్పడానికి ఒప్పుకుంది. శని, ఆదివారాలు, ఆరు వారాలు.

మొదటి రోజు దుర్గాబాయి లిఫ్టులోంచే "మేడం, ఉన్నరా!" అని పిలుస్తూ వచ్చింది. చెప్పులు ఒకటి అటూ ఒకటి ఇటూ విడిచి లోపల అడుగుపెట్టింది. కామేశ్వరి ఏమీ అనకుండా వంగి, ఆ చెప్పులను జతచేసి, ముందువైపు గుమ్మం బయటికి ఉండేలా తిప్పి పెట్టింది.

దుర్గాబాయికి పైప్రాణాలు పైనే పోయాయి. "అయ్యో! నా చెప్పులు మీరు ముట్టుడేంది మేడం?"

"అదే మొదటి పాఠమండీ దుర్గగారూ. వెళ్ళేటప్పుడు తిన్నగా కాళ్ళు పెట్టేసుకునేలా ఉండాలి. రేపట్నుంచి నాతో ముట్టించకండేం," అంది కామేశ్వరి నవ్వుతూ. ఆమె గొంతు పక్క గదికి కూడా వినిపించదు.

తర్వాతి వారం పుల్లలతో తినడం. ఉడకబెట్టిన శనగలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చాలి. సగం శనగలు సోఫా కిందికి దొర్లాయి. పేపరు చదువుకుంటున్న శ్రీనివాసరావు కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నంలో మాత్రం పుల్లలు నిలువుగా గుచ్చకూడదండోయ్. అక్కడ చనిపోయినవాళ్ళకి అలా పెడతారు," అంది కామేశ్వరి.

మిగతావన్నీ నోటు పుస్తకంలో రాసుకున్న దుర్గాబాయి దీన్ని మాత్రం రాసుకోలేదు. "గిది రాసుకునేదేంది మేడం, గిది మర్సిపోత్తమా?" అంది.

ఇచ్చేది రెండు చేతులతో ఇవ్వాలి, తీసుకునేది రెండు చేతులతో తీసుకోవాలి. ఎదుటివాళ్ళ వయసును బట్టి నడుము వంచాలి. రైల్లో ఫోను మాట్లాడకూడదు. ఎక్కడికైనా ఐదు నిమిషాలు ముందే చేరాలి. దుర్గాబాయి ఇవన్నీ ఇంట్లో సాధన చేసింది. అత్తగారికి రెండు చేతులతో చాయ్ గ్లాసు ఇచ్చి వంగి నిలబడితే, "ఏందే, నడుం పట్టిందా? నూనె రాయాల్నా?" అని ఆ ముసలామె లేచింది. గండిమైసమ్మలో ఉండే చెల్లెలికి ఫోన్ చేసి మెల్లగా మాట్లాడితే, అక్కకు ఏమైందోనని ఆమె ఏడుచుకుంటూ దొరికిన బస్సెక్కి వచ్చేసింది. శామీర్‌పేట నర్సరీలో పనిచేసే భర్త పరమేష్ జపాన్‌వాళ్ళకు బహుమతిగా ఇమ్మని కవర్లో మల్లెమొక్క పట్టుకొచ్చాడు. మొక్కలు విమానంలో రానివ్వరని కూతురు తేజస్వి చెప్పాక, చిన్నబుచ్చుకుని దాన్ని వాకిట్లోనే నాటాడు.

మూడో వారం పాఠం అన్నిటికన్నా కష్టమైనది.

"అక్కడ ఎవరూ మొహమ్మీద 'కాదు' అనరండీ. 'కొంచెం...' అని ఆగిపోతారు. అవతలివాళ్ళే అర్థం చేసుకుంటారు," అని చెప్పింది కామేశ్వరి.

ఆ పాఠాన్ని దుర్గాబాయి సోమవారం ఫ్యాక్టరీలోనే ఆచరణలో పెట్టి చూసింది. ఆ పొద్దున వచ్చిన నాలుగు డబ్బాల బుష్‌లలో రంధ్రం అంచున సన్నటి ముల్లులా ఇనుము తగిలింది. సరుకు పంపే విభాగానికి కొత్తగా వచ్చిన రాకేష్ వచ్చి, "అక్కా, నాలుగు డబ్బలు బండెక్కియ్యాల్నా?" అని అడిగాడు.

నోటి దాకా వచ్చిన కేకను ఆమె బలవంతంగా మింగింది. తల కాస్త పక్కకు వంచి, చిరునవ్వు నవ్వి, "కొంచెం..." అంది.

కొంచెం ఆగమంటోందని రాకేష్ అనుకున్నాడు. కొంచెం ఆగాడు. తర్వాత ఎక్కించేశాడు.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చిన దుర్గాబాయి ఖాళీ బల్లను చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "రాకేషూ! గా డబ్బలేవీ?"

"పోయినయ్ గదక్కా. నువ్వు కొంచెం అంటే ఆగే పంపిన."

ఇద్దరూ అతని బైకెక్కి హైవే పట్టారు. మేడ్చల్ చెక్‌పోస్ట్ దగ్గర లారీలు బారులు తీరి మెల్లగా కదులుతున్నాయి. ఆ బారు మధ్యలో తమ డీసీఎం వ్యాను మీద కప్పిన పచ్చటి తాడిపత్రి పట్టా కనబడగానే, దుర్గాబాయి బైకు మీదే లేచి నిలబడ్డంత పని చేసి, "బాలేషూ! ఆపురా బండి!" అని అరిచింది. డ్రైవర్ బాలేష్ ఆపాడు. ముందున్న రెండు లారీలు, వెనకున్న ఆటో కూడా ఆపేశాయి.

డబ్బాలైతే వెనక్కి వచ్చాయి గానీ, దుర్గాబాయి మనసు మాత్రం కుదుటపడలేదు. ఆ సాయంత్రమే పాఠం లేకపోయినా కామేశ్వరి ఇంటికి వెళ్ళి, చెప్పులు తిప్పి పెట్టి, నేల మీద కూలబడింది.

"నాతోని కాదు మేడం. నోరు మూస్తే పని చెడిపోతాంది, తెరిస్తే మర్యాద పోతాంది. ఇగ వేరేటోళ్ళను పంపుమని సార్‌కు చెప్త."

జరిగిందంతా విని కామేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"తప్పు మీది కాదండీ, నాది. సగమే నేర్పాను," అంది నవ్వు ఆగాక. "అక్కడ మా పక్కింట్లో హయాషి అని ఒకావిడ ఉండేవారు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. ప్రతి కొత్త సంవత్సరానికీ చిన్నచిన్న ఎండు చేపలు తియ్యటి పాకం పట్టి, డబ్బాలో పెట్టి నాకు ఇచ్చేవారు. మేం శాకాహారులం, చేప తినమని మీకు తెలుసుగా. కానీ ఎలా చెప్పనూ? రెండు చేతులా తీసుకునేదాన్ని. మర్నాడు వెళ్ళి చాలా బాగుందని చెప్పేదాన్ని. అలా ఆరేళ్ళు! తిరిగొచ్చేసే రోజున, మేం అసలు చేప తినమని మావారు నోరు జారారు."

"ఆమె ఏమన్నది?"

"ఏమంటారు? 'క్షమించండి, క్షమించండి' అని వంగుతూనే ఉండిపోయారు. లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. నేను మొదటి ఏడాదే ఒక్క మాట చెప్పుంటే ఏ ముల్లంగి కూరో చేసి ఇచ్చేవారు. పన్నెండేళ్ళయింది. ఉత్తరం రాయడానికి కూడా నాకు మొహం చెల్లలేదు."

దుర్గాబాయి లేచి నిలబడింది. "నేను పొయ్యేది గూడ గదే ఊరు గద! నేను పోయి చెప్త."

"అమ్మో, చెప్పాపెట్టకుండా వెళ్తే బాగోదండీ."

"చెప్పే పోదాం. మీరు కాయితం రాయుండ్రి. నేను కూసుంట, రాసినంక పోత."

కామేశ్వరి రాసింది. రాయడానికి గంటన్నర పట్టింది, మూడు కాగితాలు చింపింది. కవరు అంటించాక, దుర్గాబాయి నోటు పుస్తకం అందుకుని అందులో తెలుగు అక్షరాల్లో ఒక వాక్యం రాసింది: సుమిమాసెన్, కొరె వ దమె దెస్. "క్షమించండి, ఇది బాగాలేదు అని అర్థం. మీ బల్ల దగ్గర ఉన్నది ఉన్నట్టే చెప్పండి. వాళ్ళు మిమ్మల్ని పిలిచింది అందుకే."

ప్రయాణం ఇంకా నాలుగు రోజులుందనగా జవాబు వచ్చింది. హయాషి ఆదివారం పదకొండు గంటలకు దుర్గాబాయి కోసం ఎదురుచూస్తానని రాసింది.

నగోయాలో మూడో రోజే ఆ వాక్యంతో పనిపడింది. వాళ్ళు నమూనాగా పెట్టిన బుష్‌లలో ఒకదాన్ని పక్కకు తీసి, దుర్గాబాయి నడుము వంచి మరీ ఆ మాట చెప్పింది. అక్కడి పెద్ద తనిఖీదారు దాన్ని యంత్రం కింద పెట్టి చూసి, తిరిగి ఆమెకన్నా ఎక్కువ వంగాడు. ఆ రోజు నుంచి భోజనాల దగ్గర ఆమెకు తన పక్కనే చోటు ఉంచాడు.

ఆదివారం, కంపెనీలో దుబాసీగా ఉన్న అమ్మాయి ఆమెను హయాషి ఇంటికి తీసుకెళ్ళింది. పదకొండుకు ఐదు నిమిషాలుండగా గుమ్మం ముందు ఉన్నారు. చిన్నగా, గువ్వలా ఉన్న ముసలామె తలుపు తీసింది. దుర్గాబాయి చెప్పులు తిప్పి పెట్టి, కామేశ్వరి పంపిన సున్నుండల డబ్బా రెండు చేతులా అందించింది. లోపల బల్ల నిండా ముల్లంగి, గుమ్మడి, చిక్కుళ్ళు, పుట్టగొడుగులు. చేప వాసన అన్నదే లేదు.

దుర్గాబాయి అన్నీ తిన్నది. పుల్లలతో ఒక్క చిక్కుడు కూడా కింద పడలేదు. హయాషి సంకోచంగా ఏదో అడిగింది. "మీరు కూడా చేపలు తినరు కదా అంటున్నారు," అని దుబాసీ ఇంగ్లీషులో చెప్పింది.

దుర్గాబాయి ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, నవ్వుతూ, చేపలు మస్తు తింటానని చెప్పేసింది. ఆ మాట వినగానే ముసలామె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, ఫ్రిజ్ దగ్గరకు పరుగెత్తింది.

భోజనమయ్యాక దుర్గాబాయి పేట్ బషీరాబాద్‌కు వీడియో కాల్ కలిపింది. కామేశ్వరి అప్పటికే పట్టుచీర కట్టుకుని ఫోను ముందే కూర్చుంది. తెర మీద ఒకరినొకరు చూడగానే ఇద్దరూ వంగారు. ఇద్దరూ ఏడ్చారు. ముక్కు తుడుచుకుంటూ ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఒకేసారి ఆగారు, నవ్వారు. గంట గడిచాక వీడ్కోలు చెప్పుకున్నారు. హయాషి వంగింది, కామేశ్వరి వంగింది. పెద్దావిడ ఇంకా వంగుతుంటే తను ముందు ఫోను ఎలా పెట్టేయడమని కామేశ్వరి మళ్ళీ వంగింది. అవతలావిడ ఇంకా చూస్తుంటే తానెలా లేవడమని హయాషి మళ్ళీ వంగింది.

ఫోను పట్టుకున్న దుర్గాబాయి చెయ్యి లాగడం మొదలుపెట్టింది. చెయ్యి మార్చుకుంది, గోడకు ఆనుకుంది. కిందికి దించుదామని మాత్రం ఆమెకు అనిపించలేదు.