ఆదివారం మాత్ర

సూటుకి గుండీలు వెతుకుతుంటే రేకుడబ్బా అడుగున పదకొండు తెల్లమాత్రలు కనిపించాయి టైలరు భార్యకి. దడ అదుపులో ఉండటానికి రోజూ పొద్దున్నే తన చేత్తో మొగుడికిచ్చే గుండె మాత్రలవి.

"ఇవిక్కడున్నాయేంటండీ?"

టైలరు కత్తెర ఆపలేదు. "అరవకు. ఆదివారాలు వాటిని మానేస్తున్నా."

"ఏమొచ్చిందని?"

"వారానికో రోజు మీ తమ్ముడు తెచ్చిచ్చిన ఆయుష్షు మాత్ర వేసుకుంటున్నానుగా. రెండూ ఒకదానికొకటి తగలకుండా కాస్త మార్జిన్ వదిలా."

"మీ ఒళ్లేమన్నా ప్యాంటా, మార్జిన్ వదలడానికి! ఒక్కపూట కూడా మానొద్దని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పిందా లేదా?"

"వందేళ్లు బతకాలని కాదే. ఇంకో పదేళ్లు చెయ్యి వణక్కుండా ఉంటే చాలని..."

ఆవిడ గబుక్కున అతని మణికట్టు పట్టుకుంది. నాడి రెండుసార్లు కొట్టుకుని ఆగింది. ఆగి, ఎవరో తరుముతున్నట్టు ఉరికింది.

"ఎప్పట్నించి ఇలా?"

"నిన్నట్నించి."

"చెప్పి చావొచ్చుగా!"

"చెప్తే ఆ ఆయుష్షు మాత్రల సీసా లాగేసుకుంటావని."

ఆ సీసానే చీరకొంగులో చుట్టుకుని అతన్ని ఆస్పత్రికి లాక్కెళ్లింది. ఛాతీ నిండా తీగలు అంటించారు. యంత్రంలోంచి వస్తున్న కాగితం మీద గీతలు గుంపులుగా ఎగబడుతున్నాయి. డాక్టరమ్మ సూదిలోకి మందు ఎక్కిస్తూ అడిగింది.

"నేను రాసినవి కాక ఇంకేమైనా మింగుతున్నారా?"

"లేదమ్మా," అన్నాడు టైలరు, భార్య వంక చూడకుండా.

ఆవిడ సీసా తీసి బల్ల మీద పెట్టింది. "అబద్ధం. పదకొండు వారాల్నించి ప్రతి ఆదివారం ఇది మింగుతున్నారు. మింగిన రోజు మీ మాత్ర మానేస్తున్నారు."

డాక్టరమ్మ సీసా మీది అక్షరాలు రెండుసార్లు చదివి, సూది పక్కన పెట్టేసింది. "ఇది ఒంట్లో ఉండగా ఈ ఇంజెక్షన్ చేసుంటే..." అని ఆగింది. "గుండె మాత్ర మానేస్తే దడ లేస్తుంది. వేసుకుంటే దీనితో కలిసి దాని బలం ఎంత పెరుగుతుందో తెలీదు. ఎటు చూసినా గొయ్యే. ఇకమీదట నన్నడక్కుండా ఏదీ మొదలెట్టొద్దు, ఏదీ ఆపొద్దు. ముందు రక్తపరీక్ష చేద్దాం. నిన్న వేసుకుంది ఒక్కటేగా?"

టైలరు తెర మీద ఎగురుతున్న గీతనే చూస్తున్నాడు. నుదుటి చెమట చెవుల్లోకి కారుతోంది. భార్య చేతిని తడిమి గట్టిగా పట్టుకున్నాడు.

"నిన్న గుండె తేడాగా అనిపించిందమ్మా. బలం వస్తుందేమోనని... ఇందాక పొద్దున్న ఇంకో రెండు మింగా."



"ఎన్నింటికి?" అంటూనే డాక్టరమ్మ ఫోను అందుకుంది.