ఎత్తింది ఎడమ కాలు

"నొప్పుందా?"

"లేదు సార్."

"ఈడ నొక్కితే?"

"లేదు."

"వంగినప్పుడు? దగ్గినప్పుడు? పొద్దున్నే లేచినప్పుడు?"

"ఏం లేదు సార్. మస్తు మంచిగున్న. మాఫీ ముష్కిల్, ఏ ఇబ్బంది లేదు."

ఖాదర్ మొహిద్దీన్ చేతిలోని రబ్బరు సుత్తిని పరుపు మీదికి విసిరేశాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, సౌదీలోని జుబైల్ ప్లాంట్లలో ఇరవై ఏళ్లుగా పైపులు మోసిన మనిషి, మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకునే మనిషి, తల వెంట్రుక నుంచి కాలిగోటి దాకా ఎక్కడా నొప్పి లేదంటాడు! ఇలాంటివాణ్ని పరీక్షించి ఏం నేర్చుకోవాలి? నా తలకాయ నేర్చుకోవాలి, అనుకున్నాడు.

"భోజన్నా, నీకు దండం పెడతా. నేనేమన్నా మీ కంపెనీ డాక్టర్నా? నిజం సెప్పుప్పా."

"నిజమే సార్," అన్నాడు భోజన్న, బల్ల మీద బోర్లా పడుకునే. "పలావు అయ్యిందా?"

ఖాదర్‌ది ప్రొద్దుటూరు. మలేషియాలో చదివి కైరోప్రాక్టర్ అయ్యాడు. అంటే మందూ సూదీ లేకుండా వెన్నునూ కీళ్లనూ చేత్తో సరిచేసే వైద్యుడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, పట్టా ఉంది గానీ సౌదీ లైసెన్సు లేదు. అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డులో అతని వృత్తి మసాజ్ చేసేవాడు. ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. స్థానికులకే కొలువులనే నితాఖత్ చట్టం వచ్చాక అన్నీ పట్టించుకుంటున్నారు. సౌదీవాళ్లను తగినంతమందిని పెట్టుకోని కంపెనీకి సర్కారు ఎర్రరంగు పూస్తుంది. ఎర్రరంగు పడితే అక్కడ ఎవరి ఇఖామా రెన్యూ కాదు. ఖాదర్ పనిచేసే క్లినిక్ పసుపురంగులో వేలాడుతోంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ పైన లెవీలొచ్చి పడ్డాయి, పనిచేసే పరాయివాడి తలకింత, వాడి పెళ్లాం పిల్లల తలకింత అని. భార్య అమీరున్నీసానూ కూతుర్నీ నిరుడే ఊరికి పంపేశాడు. ఇప్పుడు మేనేజర్ ఒక్క ముక్కలో తేల్చేశాడు. లైసెన్సు తెస్తే ఉండు, లేకుంటే ఫైనల్ ఎగ్జిట్, శాశ్వతంగా ఇంటికి.

లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాడు. రాతలో కాదు, చేతల్లో. ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టి, వీణ్ని తడిమి, తట్టి, అడిగి, రోగమేంటో చెప్పమంటారు. రెండుసార్లూ చేతులు తడబడ్డాయి. తడబడవా మరి? క్లినిక్‌లో రోజంతా వేడిసంచులు పెట్టడం, భుజాలు పిసకడం తప్ప మనిషిని పరీక్షించే పని అతనికెవరు ఇచ్చారు? మూడోసారి తప్పితే నాలుగో అవకాశం లేదు.

"పుస్తకం మీద పడి ఏడిస్తే ఏమొచ్చాది? మనుషుల్ని పట్టుకో," అని అమీరున్నీసా ఫోన్లో గడ్డిపెట్టింది. అందుకని వెనక కార్మికుల క్యాంపులో ఉండే భోజన్ననూ, అతని జోడీ వెల్డర్ జనార్దన్‌నూ పట్టుకున్నాడు. ఇద్దరిదీ జగిత్యాల దిక్కు. శుక్రవారం నమాజు తర్వాత మటన్ పలావు పెడతాను, గంటసేపు బల్ల మీద పడుకోండి, చాలు అన్నాడు. వాళ్లు ఠంచనుగా వస్తున్నారు, పడుకుంటున్నారు, పలావు తింటున్నారు. నొప్పి మాత్రం చెప్పరు.

"వాన్ని తిట్టకు సార్," అన్నాడు జనార్దన్, మూలన కూర్చుని ఉల్లిగడ్డ కోస్తూ. "బొంబాయిల మెడికల్ కాడ ఏజెంటు మాకు ఒక్కటే చదువు చెప్పిండు. తెల్లకోటోడు ఏదడిగినా లేదనుండ్రి అని. దగ్గున్నదా? లేదు. నొప్పున్నదా? లేదు. ఉన్నదంటే అన్‌ఫిట్టు. గీడ గూడ ఏడాదికోపారి అదే కథ. ఇప్పుడు లెవీ వెట్టిన కాన్నుంచి మా కంపెనోడు ఎవన్ని తోలుదామా అని చూస్తుండు. నోరు ఎట్ల తిరుగుతది సార్?"

"నా కాడ తెల్లకోటు యాడుంది? లుంగీ కట్టుకోనుండా!"

"సుత్తె ఉన్నది గదా," అన్నాడు జనార్దన్.

ఖాదర్ నెత్తి కొట్టుకున్నాడు. వీళ్లతో ఇలా కాదని ఆ శుక్రవారమే ఒక ఉపాయం చేశాడు. "సరే, నిజం సెప్పొద్దు. యాక్టింగ్ చెయ్. నువ్వు నడుమునొప్పి పేషెంటు అనుకో. నేనేదడిగినా ఉందను. సరేనా?" అన్నాడు. భోజన్న మొహం వెలిగింది. చిన్నప్పుడు ఊళ్లో బాగోతం చూసిన మనిషి. స్టెతస్కోపు ఛాతీకి ఆనించగానే "వామ్మో సచ్చిన్రో!" అని గావుకేక పెట్టాడు. పక్కగది బంగ్లాదేశీలు పరుగెత్తుకొచ్చారు. వాళ్లకు హిందీలో సర్దిచెప్పి పంపేసరికి ఖాదర్‌కు తలప్రాణం తోకకొచ్చింది. మరుసటి వారం మోకాలు తడితే గుండె పట్టుకున్నాడు. ఆ పై వారం నాలుక చాపమంటే మూలిగాడు. వీడి యాక్టింగ్ మీద మన్ను పొయ్య, వీణ్ని నమ్ముకుంటే విమానం ఎక్కడం ఖాయం అనుకున్నాడు ఖాదర్.

పరీక్ష ఆదివారమనగా ఆఖరి శుక్రవారం భోజన్న ఒక్కడే వచ్చాడు. జనార్దన్‌కు డ్యూటీ పడింది. పలావు సంగతి అడగలేదు. వచ్చి మెల్లగా బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు.

ఖాదర్ అతని కుడికాలిని మోకాలు వంగకుండా పైకెత్తాడు. సగం కూడా లేవకముందే భోజన్న పళ్లు కొరుక్కున్నాడు.

"పిరుదు కాన్నుంచి పిక్కల దాకా గుంజుతుంది సార్. మడిమె దాకా."

"శెభాష్! ఇప్పుడొచ్చింది దావకు," అన్నాడు ఖాదర్. ఇన్నాళ్లకు ఒక్క జవాబు పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. సంతోషంగా ఎడమ కాలు ఎత్తాడు.

"అబ్బా, కుడికాలు సార్! కుడికాల్ల గుంజుతుంది!"

ఖాదర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎత్తింది ఎడమ కాలప్పా! అరిసేది కుడికాలికా? కుడికీ ఎడమకీ తేడా తెలీదా నీకు? ఎల్లుండి నా బతుకు తేలిపోతాదిరా సామీ అంటే నీకు ఎగతాళిగా ఉండాదా? ఆ మాత్రం యాక్టింగ్ కూడా..."

అక్కడ ఆగిపోయాడు. బాగున్న కాలెత్తితే బాగాలేని కాలు గుంజడం. పుస్తకంలో నాలుగే నాలుగు వరుసలు. వెన్నులోని డిస్కు బాగా జారి నరం మీద పడ్డప్పుడే అలా జరుగుతుంది. దాన్ని నటించాలంటే చదివినవాడై ఉండాలి. భోజన్న చదివింది ఐదో తరగతి. నటించేవాడైతే ఎత్తిన కాలికే అరుస్తాడు.

ఖాదర్ సుత్తి తీసుకుని కుడి మడమ పైన వెనకవైపు తట్టాడు. పాదం కదలలేదు. మళ్లీ తట్టాడు. కదలలేదు. ఎడమది తడితే ఠక్కున కదిలింది. ఎంత గొప్ప నటుడైనా అది నటించలేడు. వేలితో తొడల లోపలివైపు తాకి తెలుస్తోందా అని అడిగాడు. మొద్దుబారిందన్నాడు.

"మూత్రం సక్కగా వచ్చాందా భోజన్నా?"

భోజన్న తలెత్తి అతని మొహం చూశాడు. "ఇది యాక్టింగుకు అడుగుతున్నవా సార్, అసలుకా?"

"అసలుకే."

"అసలుకైతే మంచిగనే వస్తుంది."

"యాక్టింగుకైతే?"

"నిన్నటిసంది వస్తలేదు సార్," అన్నాడు భోజన్న. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఖాదర్‌కు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. వారాల తరబడి ఈ మనిషి గోడ పట్టుకుని మెట్లెక్కుతుంటే చూసి, నొప్పి లేదంటే లేదని రాసుకున్నది తనే. ఇవాళ నిజం చెబితే ఎగిరి మీదపడిందీ తనే. వెంటనే ఆసుపత్రికి పోవాలన్నాడు. భోజన్న బల్ల అంచు పట్టుకుని రానన్నాడు.

"పోతే కంపెనీకి తెలుస్తది. తెలిస్తే తోలుతరు. నా బిడ్డ పుష్ప నర్సింగ్ జదువుతుంది, ఇంక రెండేండ్లున్నది. జర ఆగు సార్."

"ఆగితే నీ కాలు పడిపోతాది. కాలే కాదు, బతికినన్నాళ్లూ గొట్టం పెట్టుకోని తిరగాల. లేయ్! లేచ్చావా, ఎత్తుకోని పొమ్మంటావా?"

చివరికి ఎత్తుకున్నంత పనే చేశాడు. ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరుకు తను చూసినవన్నీ వరసగా చెప్పాడు, ఒక్కచోటా తడబడలేదు. ఆయన మళ్లీ చూసి స్కానింగుకు పంపాడు. తెల్లారేసరికి ఆపరేషన్ అయిపోయింది.

ఆదివారం రియాద్‌లో పరీక్ష. ఎదురుగా ఒక ఈజిప్టు మనిషిని కూర్చోబెట్టారు. ఏదడిగినా లేదన్నాడు. ఖాదర్ తల ఊపి, అతని నోటిని దాని మానాన వదిలేసి, కాళ్ల దగ్గర మొదలుపెట్టాడు. మూడు వారాలకు ఫలితం వచ్చింది. పాస్. అమీరున్నీసా ఫోన్లో ఏడ్చింది. అతనూ ఏడ్చాడు.

అదే వారం భోజన్నకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. బరువులు ఎత్తకూడదని ఆసుపత్రివాళ్లు కాగితం మీద రాశారు. కంపెనీకి అంతకన్నా ఏం కావాలి? దమ్మామ్ విమానాశ్రయంలో తన కాళ్ల మీద తను నడుస్తూ లోపలికి పోబోయి, వెనక్కి వచ్చాడు.

"కాలు నిలవెట్టినవు, కొలువు తీసినవు సార్. మొక్కాల్నో తిట్టాల్నో నాకు సమజైతలేదు," అన్నాడు.

తిట్టినా బాగుండేది అనుకున్నాడు ఖాదర్.

లైసెన్సు గోడకెక్కిన రెండు నెలలకు మేనేజర్ స్వీట్లు పంచాడు. ఒక పెద్ద కంపెనీవాళ్లు తమ కార్మికుల ఏడాది ఫిట్‌నెస్ పరీక్షల్లో కీళ్లూ వెన్నూ చూసే పని క్లినిక్‌కే ఇచ్చారట. సంతకం పెట్టడానికి లైసెన్సున్న మనిషి ఉన్నాడు కాబట్టే ఇచ్చారట. అది భోజన్నను పంపేసిన కంపెనీ అని తెలియగానే ఖాదర్ నోట్లో స్వీటు చేదెక్కింది.

మొదటిరోజు ఆరో మనిషిగా జనార్దన్ వచ్చాడు. వారం వారం ఖాదర్ గదిలో ఉల్లిగడ్డలు కోసిన జనార్దన్ కొత్తవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కూచో. ఎట్లుండావు? భోజన్న ఫోన్ చేసినాడా?"

"చేసిండు సార్. మంచిగనే నడుస్తుండట. మ్యాస్త్రీ కింద కూలికి పోతనంటే ఎవరు పిలుస్తలేరట."

ఖాదర్ కాగితం ముందుకు లాక్కున్నాడు. "నొప్పేమన్నా..."

"లేదు సార్. మస్తు మంచిగున్న."

ఆ మాట వినగానే ఖాదర్‌కు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు. సుత్తి తీసి జనార్దన్ కుడి మోకాలి కింద తట్టాడు. కాలు ఎగిరి బల్లకు తగిలింది.

"చూసినవా సార్, ఎట్ల తన్నిందో!" జనార్దన్ గట్టిగా నవ్వాడు.

"బాగుంది. ఎడమ కాలు ఇటు పెట్టు."

నవ్వు ఆగిపోయింది. జనార్దన్ రెండు అరచేతులతో ఎడమ మోకాలును గట్టిగా మూసుకున్నాడు.

"చెయ్యి తియ్ జనార్దన్. బయట ఇంకా పదిమంది ఉండారు."

"అది వద్దు సార్," అన్నాడు జనార్దన్, గొంతు తగ్గించి. "ఈ కుడిది మంచిగున్నది గదా. దీన్నే రెండుసార్లు రాసుకో."