కోడలి పేరున తొక్కిన కిలోమీటర్లు

నేను ఒక సైకిల్ని. చక్రం ఉంది గానీ రోడ్డు ఎరగను. గదిలో ఒకచోట నిలబడి, ఎక్కినవాళ్లని ఎక్కడికీ తీసుకువెళ్లకుండా చెమటలు పట్టిస్తాను. లూధియానాలో ఒక షెడ్డులో నన్ను బిగించి, హ్యాండిలు మధ్య చిన్న మీటరు పెట్టారు. ఎంత దూరం తొక్కారో చూపించడమే దాని పని. తొక్కిన కాళ్లు ఎవరివో దానికి పట్టదు.

మొదట నన్ను గుంటూరులో ఒక బ్యాంకు ఆఫీసరు కొన్నాడు. పదకొండు రోజులు తొక్కి, పన్నెండో రోజు నుంచి తడి తువ్వాళ్లు ఆరేశాడు. కొనేటప్పుడున్న హుషారు మనుషులకు ఎక్కేటప్పుడు ఉండదు. నాలుగేళ్లు తువ్వాళ్లు మోశాను.

ఆయన చెల్లెలు నళిని తెనాలిలో లెక్కల టీచరు. రొమ్ము క్యాన్సరని తేలాక ఆమెకు ఎర్రమందు అని పిలిచే కీమో నాలుగు డోసులు ఎక్కించాలన్నారు. ఆ మందు గడ్డతో పాటు గుండెనీ నీరసపరచవచ్చట. నాలుగో డోసుకు ముందు గుండె పరీక్ష చేసి, బాగుంటేనే ఎక్కిస్తామన్నాడు డాక్టరు. అందాకా మంచానికి అంటుకుపోకుండా రోజూ ఇరవై నిమిషాలు నెమ్మదిగా సైకిలు తొక్కాలి, తొక్కుతూ మాట్లాడగలగాలి, ఆయాసం వస్తే ఆపెయ్యాలి, మీటరు అంకె పుస్తకంలో రాసి చూపించాలి అన్నాడు. అలా నేను తెనాలి చేరాను.

తలకు గుడ్డ కట్టుకుని, పక్కన బకెట్టు పెట్టుకుని తొక్కేది నళిని. మాట్లాడగలుగుతున్నదీ లేనిదీ చూసుకోవడానికి పదమూడో ఎక్కం పైకి చదివేది. మొదటి డోసు తర్వాత ఎక్కం పూర్తయ్యేది. రెండో డోసు తర్వాత సగంలోనే బకెట్టు అందుకుంది.

అత్తగారు భ్రమరాంబ గుమ్మంలో నిలబడి చూసింది.

"తిండి సయించని మనిషిని సైకిలు తొక్కమంటాడా? ఆ డాక్టరుకి అమ్మ లేదూ?"

"గుండె కోసం అత్తయ్యా."

"నీకు టైఫాయిడొస్తే నీ బదులు ఆంజనేయస్వామికి నూట ఎనిమిది ప్రదక్షిణాలు ఎవరు చేశారు? తగ్గలా? నువ్వు పడుకో, ఇదీ నేనే తొక్కుతా."

"ఇది గుడి కాదత్తయ్యా."

"తిరగడం తిరగడమే. దిగు."

చీర కుచ్చెళ్లు దోపుకుని, కోడలి పేరూ గోత్రమూ చెప్పుకుని నామీద ఎక్కిందావిడ. నళిని చాలా రోజుల తర్వాత నవ్వింది. నవ్వుతూనే నిద్రపోయింది. ఆ ఒక్కరోజుకే అనుకుంది. మర్నాడూ లేవలేకపోయింది. ఆ తర్వాత ఓపిక ఉన్నరోజు కూడా లేవలేదు. ముప్ఫై మంది పిల్లల పేపర్లలో అర మార్కు తేడా పట్టుకునే మనిషి, అత్తగారు తొక్కిన కిలోమీటర్లు తన చేత్తో తన పుస్తకంలో రాసుకుంది. ఆసుపత్రిలో నర్సు ఆ పుస్తకం చూసి మెచ్చుకుందట.

ఇంట్లో మార్పు ఒకటి నిజంగానే వచ్చింది. భ్రమరాంబ మోకాళ్ల నొప్పులు తగ్గాయి. మూడంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కుతోంది.

నాలుగో డోసుకు వెళ్లిన రోజు ఇద్దరూ పెందరాళే తిరిగొచ్చారు. నళిని నేలమీద కూర్చుని నాకు చేరగిలబడింది. గుండె కొట్టే బలం అరవై రెండు శాతం నుంచి నలభై నాలుగుకు పడిపోయిందని, ఎర్రమందు ఆపేశారని ఫోనులో భర్తకు చెప్పింది.

భ్రమరాంబ మందుల సంచీ కింద పెట్టింది. "ఆ కిలోమీటర్లు నావని చెప్పాల్సింది అమ్మాయ్."

"మీరు మందుల కొట్టుకి వెళ్లినప్పుడు డాక్టరుకి చెప్పాను."

"ఏమన్నాడు?"

"నేను తొక్కినా గుండె బలం తగ్గేదేమో, తగ్గకపోయేదేమో, ఎవరూ చెప్పలేరన్నాడు."

కోడలు తిట్టి ఉంటే ఆవిడకు తేలికగా ఉండేది.

వేరే మందులు వాడారు. గుండె బలానికి మాత్రలిచ్చారు. నళిని మళ్లీ నన్ను ఎక్కింది, రోజుకు మూడు నిమిషాలు, తర్వాత ఏడు. భ్రమరాంబ ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎక్కం వినేది. మరుసటి ఏడు జబ్బు కాలేయానికి పాకింది. పదమూడో ఎక్కం ఆగిపోయింది. శ్రావణంలో నళినీ పోయింది.

అన్నగారు నన్ను తీసుకుపోతానన్నాడు. భ్రమరాంబ ఇవ్వలేదు. మీటరు మూడువందల పదకొండు దగ్గర ఆరిపోయింది. అందులో నళినివి డెబ్బై కూడా ఉండవు.

పొద్దున్నే ఆవిడ నన్ను తుడుస్తుంది. కుచ్చెళ్లు దోపుకుని ఎక్కుతుంది. పాదాలు పెడళ్ల మీద పెడుతుంది. ఎవరి పేరు చెప్పుకోవాలో తెలియక, తొక్కకుండా అలాగే కూర్చుంటుంది.